తక్కువ డబ్బుతో ఎఫెక్ట్స్ పెడల్స్: ముందు వైరు చివర ఏముందో చూసుకోండి

(ఒంగోలులో జరిగిన వారాంతపు సంగీత తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల నిండా గిటార్ కేసులే ఉన్నాయి. వెనకాల ఒక ఎలక్ట్రిక్ మాండొలిన్, ఆ కిటికీ పక్కన ఒక వయొలిన్ కూడా కనిపిస్తున్నాయి. టంగుటూరు, చీమకుర్తి, కావలి నుంచి కూడా వచ్చారట. చాలా సంతోషం.

నన్ను మాట్లాడమన్న విషయం చిన్నదే. ఇంట్లో వాయించుకునేవాళ్లు తక్కువ డబ్బుతో ఏ పెడల్ కొనుక్కోవాలి? పెడల్ అంటే గిటార్‌కీ యాంప్‌కీ మధ్య తగిలించి, కాలితో నొక్కి శబ్దాన్ని మార్చుకునే చిన్న పెట్టె. పెడల్ పేరు చెప్పేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది. కానీ పేరు చెప్పేముందు నేను మిమ్మల్ని ఒకటి అడగాలి. మీ గిటార్ నుంచి బయల్దేరిన వైరు చివరికి దేంట్లోకి వెళ్తోంది?

ఎందుకు అడుగుతున్నానో చెబుతాను. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చి వేళ్లూనేలా చేసిన చర్చిలు ఈ జిల్లాలో ఊరూరా ఉన్నాయి. నాకు తెలిసిన గిటారిస్టుల్లో చాలామంది మొదటిసారి ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుంది ఆదివారం ఆరాధనలోనే. అక్కడ గిటార్ మిక్సర్‌లోకి, అక్కణ్ణించి పెద్ద బాక్సుల్లోకి వెళ్తుంది. ఇంటికొచ్చాక అదే గిటార్‌ని హోమ్ థియేటర్‌కో, కీబోర్డు యాంప్‌కో, హెడ్‌ఫోన్స్‌కో తగిలిస్తాం. అసలైన గిటార్ యాంప్ ఉన్న ఇళ్లు తక్కువ. కానీ ఈ పెడల్స్‌లో ఎక్కువ భాగం గిటార్ యాంప్ ముందు పెట్టడానికి తయారైనవి. పేచీ అంతా ఇక్కడే మొదలవుతుంది.

గిటార్ యాంప్‌లో ఉండే పన్నెండు అంగుళాల స్పీకరు మామూలు స్పీకరు కాదు. సుమారు అయిదు వేల హెర్ట్జ్ దాటిన శబ్దాన్ని అది బాగా తగ్గించేస్తుంది. డిస్టార్షన్ పెడల్ చేసే పనేమో, మీరు వాయించిన స్వరానికి పైన బోలెడన్ని కొత్త శబ్దాలు పుట్టించడం. ఆ పైపై గరగరనంతా గిటార్ స్పీకరు మింగేసి, మనకు కమ్మగా ఉన్నదే బయటికి వదులుతుంది. హోమ్ థియేటర్‌లో ట్వీటర్, అంటే సన్నని శబ్దాలు పలికించే చిన్న స్పీకరు, ఉంటుంది. అది దేన్నీ మింగదు. అందుకే డిస్టార్షన్ పెడల్‌ని నేరుగా హోమ్ థియేటర్‌కి పెట్టి మీటితే కందిరీగల తుట్టె కదిపినట్టు ఉంటుంది. కుర్రాళ్లు ఆ పెడల్ బాగాలేదని అమ్మేసి ఇంకోటి కొంటారు. అదీ అలాగే మోగుతుంది. పెడల్‌లో లోపం లేదు. మధ్యలో గిటార్ స్పీకరు చేసే పని చేసేవాళ్లు ఎవరూ లేరు, అంతే.

ఆ పని చేసే సర్క్యూట్‌నో, సాఫ్ట్‌వేర్‌నో క్యాబినెట్ సిమ్యులేషన్ అంటారు. పెట్టె మీద క్యాబ్ సిమ్ అనో, ఐఆర్ (ఇంపల్స్ రెస్పాన్స్) అనో రాసి ఉంటుంది. కాబట్టి గిటార్ యాంప్ లేనివాళ్లకు నా సలహా సూటిగా ఇది: మొదటి కొనుగోలు విడి పెడల్ వద్దు. క్యాబ్ సిమ్యులేషన్, హెడ్‌ఫోన్ అవుట్ రెండూ ఉన్న చిన్న మల్టీ ఎఫెక్ట్స్ పెట్టె, అంటే చాలా పెడల్స్ పని ఒక్కటే చేసేది, కొనండి. జూమ్ జీ వన్ ఫోర్ లాంటిది. దాంట్లో ఒకేసారి అయిదు ఎఫెక్టులు వాడుకోవచ్చు. వాయించిన ముక్కను మళ్లీ మళ్లీ మోగించే లూపర్ ఉంది, తాళం వేసే రిథమ్ ఉంది, ఫోన్‌లోంచి పాట పెట్టుకుని దానితోపాటు వాయించడానికి ఆక్స్ ఇన్ ఉంది. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో కూడా నడుస్తుంది. ఎండాకాలం రాత్రి కరెంటు పోయినా సాధన ఆగదు. నక్స్, మూయర్, వాలిటన్ కంపెనీలు కూడా ఇలాంటివి తెస్తున్నాయి. ధరలు తరచూ మారుతుంటాయి కాబట్టి అంకెల్ని అటూ ఇటూగా తీసుకోండి. పది వేల లోపల, కాస్త వెతికితే ఇంకా తక్కువలోనే మంచివి దొరుకుతున్నాయి.

మల్టీ ఎఫెక్ట్స్‌ని తక్కువగా చూసేవాళ్లు ఉన్నారు. విడి పెడల్స్‌దే అసలు టోన్ అంటారు. అపార్ట్‌మెంట్‌లో రాత్రి పది తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించేవాడికి ఆ మాట వర్తించదు. డబ్బు తక్కువ ఉన్నప్పుడు ఇంకా వర్తించదు. నాలుగు విడి పెడల్స్, వాటి అడాప్టర్, మధ్యలో వేసే చిన్న కేబుల్స్ అన్నీ కలిపితే ఖర్చు ఎక్కడికి వెళ్తుందో మీరే లెక్క వేసుకోండి.

ఇప్పుడు విడి పెడల్స్ సంగతి. చిన్నదైనా గిటార్ యాంప్ ఉన్నవాళ్లు, లేదా మల్టీ ఎఫెక్ట్స్‌తో కొంతకాలం వాయించి తమకు ఏ శబ్దం కావాలో తెలిసినవాళ్లు ఇటు రావచ్చు.

(పెడల్ మూత విప్పి చూపిస్తూ) ఇది ఇబానెజ్ ట్యూబ్ స్క్రీమర్ పద్ధతిలో చేసిన చవక ఓవర్‌డ్రైవ్, అంటే మెత్తని డిస్టార్షన్ పెడల్. 1970ల చివర్లో జపాన్‌లో పుట్టిన సర్క్యూట్ ఇది. ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కువమంది నకలు చేసే పెడల్స్‌లో ఇదొకటి. ఈ మధ్యలో ఎనిమిది కాళ్ల నల్ల చిప్ ఉంది చూడండి, దాని నంబరు 4558. మన ఊళ్లో యాంప్లిఫయర్లు చేసేవాళ్ల దగ్గరికి వెళ్లి టోన్ కంట్రోల్ బోర్డు అడగండి, దానిమీద ఎక్కువగా ఇదే చిప్ కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్స్ షాపులో అడిగితే చిల్లర డబ్బులకే ఇస్తారు. దీని పక్కన ఎర్రగా, బియ్యపు గింజంత ఉన్నవి రెండు డయోడ్లు. గిటార్ సిగ్నల్‌ని చిప్ పెంచుతుంది. అది సుమారు 0.6 వోల్టులకు చేరగానే డయోడ్లు అడ్డుపడి పైభాగాన్ని గుండ్రంగా అణిచేస్తాయి. ఒకటి పై సగాన్ని, రెండోది కింద సగాన్ని. ఆ అణిచిన చోటే మనకు గీర, అంటే గరుకు శబ్దం, వినిపిస్తుంది. డ్రైవ్ నాబ్ తిప్పితే చిప్ ఎంత పెంచాలో మారుతుంది. టోన్ నాబ్ పై శబ్దాన్ని తగ్గిస్తుంది. లెవెల్ అంటే వాల్యూమ్. ఇంతకు మించి లోపల మాయేమీ లేదు.

ఇదెందుకు విప్పి చూపించానంటే, రెండు మూడు వేల పెడల్‌లోనూ, దానికి నాలుగైదు రెట్లు ధర పలికే పెడల్‌లోనూ ఈ భాగం దాదాపు ఒకటే. తేడా ఎక్కడుందంటే డబ్బాలో, స్విచ్‌లో, జాక్‌లో. బెరింగర్ చవక పెడల్స్‌కి ప్లాస్టిక్ ఒళ్లు ఉంటుంది. వేదిక మీద బూటు కాలితో తొక్కేవాడికి నేను వాటిని చెప్పను. ఇంట్లో బల్ల మీద పెట్టుకుని చేత్తో నొక్కుకునేవాడికి నిశ్చింతగా చెబుతాను. జోయో, కాలైన్ లాంటి చైనా కంపెనీలవి లోహపు ఒంటితో వస్తాయి, అవి కాలికీ ఆగుతాయి.

అయితే ఒక్క జాగ్రత్త. ట్యూబ్ స్క్రీమర్ తరహా పెడల్ ఒంటరిగా పెద్ద డిస్టార్షన్ ఇవ్వదు. అప్పటికే కాస్త గీరతో మోగుతున్న ట్యూబ్ యాంప్‌ని (వాల్వులతో నడిచే యాంప్‌ని) ఇంకొంచెం ముందుకు తోయడానికే దానికి ఇంత పేరొచ్చింది. అది బేస్‌ని కోసేసి మధ్య శబ్దాన్ని పైకి తెస్తుంది. ఇంట్లో చిన్న యాంప్‌ని క్లీన్‌లో (గీర లేకుండా) పెట్టి, సౌండ్ తగ్గించి వాయిస్తే ముక్కుతో పాడినట్టు అనిపిస్తుంది. తక్కువ సౌండ్‌లో నిండుగా మోగాలంటే సొంతంగా గీర పుట్టించే పెడల్ కావాలి. బాస్ డీఎస్ వన్ 1978లో వచ్చింది, ప్రోకో ర్యాట్ కూడా ఆ రోజులదే. ఆ రెండు పద్ధతుల్లోనూ చవక నకళ్లు ఉన్నాయి. నన్ను ఒకటే చెప్పమంటే ర్యాట్ తరహా తీసుకోమంటాను. దాని ఫిల్టర్ నాబ్ ఒక్కటి తిప్పి పై గరగరను మొత్తం తగ్గించుకోవచ్చు. ఇంట్లో అది చాలా పనికొస్తుంది.

డిలే దగ్గరికి వద్దాం, అంటే వాయించిన స్వరాన్ని కాస్త ఆగి మళ్లీ వినిపించే పెడల్. ఆరాధన పాటలు వాయించేవాళ్లు అందరికంటే ముందు అడిగేది ఇదే. చవక డిలే పెడల్స్‌లో చాలావాటిలో పీటీ 2399 అనే చిప్ ఉంటుంది. కరావోకే యంత్రాల్లో గొంతుకి ఎకో ఇవ్వడానికి చేసిన చిప్ అది. మన మైకు సెట్ల వాళ్లు వాడే ఎకో బోర్డుల్లో కూడా కనిపిస్తుంది. గిటార్‌కి వాడితే శబ్దం వెచ్చగా, కొంచెం మసకగా తిరిగొస్తుంది. నాకు అది ఇష్టం. కానీ డిలే టైమ్ పెంచేకొద్దీ ఆ చిప్‌లో బుసబుస పెరుగుతుంది. మూడు వందల మిల్లీ సెకన్ల ప్రాంతం దాకా శుభ్రంగా ఉంటుంది, ఆపైన మసక ఎక్కువవుతుంది.

ఈ అంకె ఎందుకు ముఖ్యమో చూడండి. అరవై వేలని పాట టెంపోతో భాగిస్తే ఒక దెబ్బకు ఎన్ని మిల్లీ సెకన్లో వస్తుంది. నిమిషానికి 120 దెబ్బల పాటకు 500. దాంట్లో ముప్పావు వంతు, అంటే 375 దగ్గర డిలే పెడితే, మీరు ఒక్కో స్వరం మీటుతుంటే దాని తిరుగుశబ్దం మధ్యలో పడి, రెండు గిటార్లు అల్లుకున్నట్టు వినిపిస్తుంది. ఇప్పటి ఆరాధన పాటల్లో మీరు వినే మెరుపు శబ్దం ఇదే. మెల్లని పాట అయితే, నిమిషానికి 72 దెబ్బలనుకోండి, ముప్పావు వంతు 625 అవుతుంది. పీటీ 2399 అక్కడ శుభ్రంగా నిలబడదు. కాబట్టి మెల్లని పాటలకు డిలే కావాల్సినవాళ్లు డిజిటల్ డిలే చూసుకోండి, ట్యాప్ టెంపో (పాట వేగానికి తగ్గట్టు కాలితో తట్టి డిలే టైమ్ పెట్టుకునేది) ఉన్నదైతే ఇంకా మేలు. లేదంటే మీ మల్టీ ఎఫెక్ట్స్‌లోనే అది ఉంటుంది, విడిగా కొనక్కర్లేదు.

ట్యూనర్ పెడల్ ఇంటికి అవసరం లేదు. ఫోన్‌లో యాప్ చాలు. లూపర్‌కి మాత్రం డబ్బు పెట్టండి. మీరు వాయించిన నాలుగు కార్డులు అది మళ్లీ మళ్లీ మోగిస్తుంటే పైన మీరు లీడ్ సాధన చేసుకుంటారు. తాళం తప్పితే వెంటనే మీకే తెలుస్తుంది. నా శిష్యుల్లో చేతి లెక్క కుదిరినవాళ్లలో ఎక్కువమందికి లూపరే గురువు.

ఇప్పుడు చెప్పబోయేది దయచేసి శ్రద్ధగా వినండి. కరెంటు గురించి.

పెడల్స్‌లో నూటికి తొంభైకి కావాల్సింది తొమ్మిది వోల్టుల డీసీ, ప్లగ్గు లోపలి పిన్ను నెగిటివ్. అడాప్టర్ మీద చిన్న బొమ్మ ఉంటుంది. మధ్యలో చుక్క, చుట్టూ అర చంద్రాకారం. మధ్య చుక్కకు మైనస్ గీత కలిసి ఉండాలి. మన ఇళ్లలో ఉండే అడాప్టర్లు చూడండి. యమహా కీబోర్డుతో వచ్చేది పన్నెండు వోల్టులు, మధ్య పిన్ను పాజిటివ్. వైఫై రౌటర్‌ది కూడా ఎక్కువగా అంతే. ప్లగ్గు మాత్రం సరిగ్గా దూరిపోతుంది. దూరింది కదా అని పెట్టేస్తే పెడల్ అక్కడికక్కడే పోవచ్చు. కొన్నిట్లో కాపాడే డయోడ్ ఉంటుంది, అది మాడిపోయి మిగతాది బతుకుతుంది. అన్నిట్లో ఉండదు. మిల్లీ యాంపుల విషయంలో భయం వద్దు. పెడల్‌కి ఇరవై కావాలి, అడాప్టర్ మీద అయిదు వందలు ఉంది, ఏం కాదు. పెడల్ తనకు కావాల్సినంతే తీసుకుంటుంది. తక్కువ ఉంటేనే ఇబ్బంది. మామూలు ఓవర్‌డ్రైవ్‌కి పది, ఇరవై మిల్లీ యాంపులు సరిపోతాయి. డిజిటల్ డిలే, రివర్బ్ (గదిలో మోగినట్టు ప్రతిధ్వని కలిపేది) అంతకంటే చాలా ఎక్కువ లాగుతాయి, కొన్ని వందకు పైన కూడా.

ఒకే అడాప్టర్ నుంచి నాలుగు ప్లగ్గులున్న వైరు దొరుకుతుంది, చవక. ఓవర్‌డ్రైవ్‌లు, ఫజ్‌లు (ఇంకా ముతకగా గరగరలాడే పెడల్స్) దాంతో నడపండి. డిజిటల్ పెడల్‌ని మాత్రం వాటితో కలపకండి. కలిపితే సన్నగా కీచుమనే శబ్దం వస్తుంది, గెయిన్ (సిగ్నల్‌ని పెంచే నాబ్) పెంచేకొద్దీ అదీ పెరుగుతుంది. డిజిటల్ దానికి దాని అడాప్టర్ దానికే ఇవ్వండి.

ఇక ఎర్త్. పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది కానీ ఎర్త్ వైరు ఎక్కడికీ వెళ్లదు. అప్పుడు యాంప్ గుయ్యిమంటుంది. తీగల మీద చెయ్యి పెట్టగానే ఆగుతుంది. కొందరు ఆ గుయ్యిమనడం పోవాలని యాంప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేస్తారు. అలా ఎవరూ చెయ్యొద్దు. మీ గిటార్ తీగలు బ్రిడ్జి ద్వారా, కేబుల్ ద్వారా యాంప్ బాడీకే కలిసి ఉంటాయి. యాంప్ బాడీలోకి కరెంటు వస్తే అది మీ చేతిలో ఉన్నట్టే. తీగల మీద చెయ్యి ఉంచి వేరే సాకెట్ మీద నడిచే మైకుకి పెదవి తగిలితే ప్రాణానికే ప్రమాదం. చర్చిలోగానీ పందిరిలోగానీ వాయించేముందు టెస్టర్‌తో యాంప్ బాడీనీ, మైకు జాలీనీ చూడండి. వెలిగితే ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా వాయించకండి. పాట ఆలస్యమైనా ఫర్వాలేదు.

(సభలో ఒకరు: అన్నా, నాది మాండొలిన్, కర్ణాటక సంగీతం. పెడల్ అవసరమా?)

మంచి ప్రశ్న, కూర్చో తమ్ముడూ. ఎలక్ట్రిక్ మాండొలిన్‌ని కచేరీకి తెచ్చింది మన పాలకొల్లు బిడ్డ యు. శ్రీనివాస్. జంట తీగలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. గమకం పలకాలంటే స్వరం నిలబడాలి, అందుకు పికప్, యాంప్ కావాలి. నీకు కావాల్సింది కూడా స్వరం నిలబడడమే. కొంచెం కంప్రెషన్ (పెద్ద శబ్దాన్ని తగ్గించి చిన్నదాన్ని పైకి తెచ్చేది), చాలా కొంచెం రివర్బ్. అంతకు మించి వద్దు. కోరస్ అసలు వద్దు. కోరస్ పనిచేసేదే స్వరాన్ని కొద్దికొద్దిగా పైకీ కిందికీ జరిపి అసలు దాంతో కలపడం వల్ల. నువ్వు కష్టపడి పెట్టిన శ్రుతి, నువ్వు వేసే గమకం రెండూ అందులో చెదిరిపోతాయి. డిలే కూడా రెండో కాలం స్వరకల్పనలో ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోతుంది. కంప్రెషన్ ఎక్కువైతే చిన్న మీటు, పెద్ద మీటు ఒకేలా వినిపిస్తాయి, కాబట్టి నాబ్‌ని పావు వంతు దాటించకు.

వయొలిన్‌కి, వీణకి అంటించే పికప్‌లు పీజో రకం, అంటే వాద్యం కంపనాన్ని పట్టి సిగ్నల్‌గా మార్చేవి. గిటార్ పెడల్స్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కి చూపే నిరోధం, సుమారుగా ఒక మెగా ఓమ్ ఉంటుంది. పీజోకి చాలాసార్లు అంతకంటే ఎక్కువ కావాలి, లేకపోతే బేస్ పోయి రేకుడబ్బా శబ్దం వస్తుంది. అమ్మా, ఆ వయొలిన్ మీదేనా? మీరు ముందు ఒక అకౌస్టిక్ ప్రీయాంప్, అంటే పికప్ సిగ్నల్‌ని సరిచేసి పెంచే పెట్టె, తీసుకోండి. రివర్బ్ తర్వాత చూద్దాం.

బేస్ గిటార్ వాళ్లకు: గిటార్ ఓవర్‌డ్రైవ్ పెడల్ చాలావరకు కింది శబ్దాన్ని కోసేస్తుంది. బ్లెండ్ నాబ్ ఉన్నదే కొనండి, అసలు శబ్దం కూడా పక్కన వస్తుంది. బెరింగర్ బీడీఐ 21 అని చవకది ఒకటి ఉంది. యాంప్ శబ్దాన్ని అనుకరిస్తుంది, మిక్సర్‌లోకి నేరుగా వెళ్తుంది. చర్చిలో వాయించే బేసిస్టుకి ఇంతకంటే ఉపయోగపడే చవక పెట్టె నాకు తెలియదు. కీబోర్డు వాళ్లు గిటార్ పెడల్ వాడితే కీబోర్డు వాల్యూమ్ పావు వంతులో పెట్టి మొదలుపెట్టండి, దాని సిగ్నల్ గిటార్ కంటే చాలా పెద్దది.

కేబుల్స్. ఇంట్లో పెడల్స్ చెడిపోయాయని నా దగ్గరికి తెచ్చేవాటిలో ఎక్కువ భాగం కేబుల్ తప్పే. కొత్తపట్నం ఉప్పుగాలి మన జాక్‌లని ఊరికే వదలదు, చిలుము పడుతుంది. కరకరమంటే జాక్‌లో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ప్లగ్గు నాలుగైదుసార్లు లోపలికీ బయటికీ ఆడించండి. టంకం వేయడం నేర్చుకోండి. షాపులో పీ 38 మోనో జాక్‌లు, మంచి షీల్డు వైరు కొనుక్కుని సొంతంగా చేసుకుంటే రెడీమేడ్ వాటిలో చవకవాటికంటే ఎక్కువ కాలం ఆగుతాయి. పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్లేవాళ్లు ఉంటే అక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో మెటల్ ఒంటి జాక్‌లు చూసి తెచ్చుకోండి. బ్యాటరీతో నడిచే పెడల్‌కి వాయించాక ఇన్‌పుట్ కేబుల్ తీసెయ్యండి. కేబుల్ దూర్చి ఉంచితే పెడల్ ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీ అయిపోతూనే ఉంటుంది, ఎందుకంటే ఆ జాకే దాని స్విచ్.

(సభలో మరొకరు: సార్, సెకండ్ హ్యాండ్ కొనొచ్చా?)

కొనొచ్చు బాబూ, నేనూ కొంటాను. కానీ వీడియో చూసి డబ్బు పంపకు. గిటార్, కేబుల్, తొమ్మిది వోల్టుల బ్యాటరీ తీసుకుని మనిషి దగ్గరికి వెళ్లు. ముందు పెడల్ ఆఫ్‌లో ఉంచి వాయించు, శబ్దం శుభ్రంగా రావాలి. తర్వాత స్విచ్ పదిసార్లు నొక్కు, ప్రతిసారీ పట్టాలి, మధ్యలో మూగబోకూడదు. వాయిస్తూనే ఒక్కో నాబ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పు. కరకరమంటే దుమ్ము, క్లీనర్‌తో పోతుంది, బేరానికి పనికొస్తుంది. ఒకచోట శబ్దం పూర్తిగా ఆగిపోతే ఆ పాట్ (నాబ్ కింద తిరిగే భాగం) అరిగిపోయింది, మార్చాలి. జాక్‌లో ప్లగ్గు పెట్టి కొంచెం అటూ ఇటూ కదుపు. చివరగా వెనక మూత స్క్రూలు చూడు. గీతలు పడి ఉంటే ఎవరో విప్పారన్నమాట. విప్పడం తప్పు కాదు, ఎందుకు విప్పారో అడుగు. మూత తీసి చూపించమను. లోపల బ్యాటరీ కారి పచ్చగా చిలుము పట్టి ఉంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు.